అక్కను చూసొచ్చే ఆదివారాలు

చలికాలం వచ్చిందంటే బెంగళూరులో మా వీధి చివరి కూరగాయల అంగళ్ళ ముందు అనప చిక్కుడుకాయలు రాసులుగా పోస్తారు. మంచు తడి ఆరని ఆ కాయల వాసన, పచ్చిగా, రవంత జిడ్డుగా, మలుపు తిరగకముందే ముక్కుకు తగులుతుంది. మొన్న ఒక సంచెడు తెచ్చుకుని, ఒలిచి, గింజలు నానబెట్టి, పొద్దున లేచి ఒక్కొక్క గింజనే వేళ్ళ మధ్య నొక్కి పప్పు పితుకుతూ కూర్చున్నాను. తర్వాత సబ్బుతో ఎంత కడిగినా చేతుల వాసన పోలేదు. ఆ వాసనతో నాకు జ్ఞాపకం వచ్చేది మా అమ్మ చేసే పితికిపప్పు కూర ఒక్కటే కాదు. ఆ కూర నింపిన స్టీలు క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, దాని వేడి పావడాలోంచి తొడలకు తగులుతుండగా కుప్పం బస్సులో కిటికీ పక్కన కూర్చున్న చిన్న పిల్ల, ఆమె పక్కన అమ్మ, ఆ దారి చివర మా కోసం కాచుకుని ఉండే అక్క, అన్నీ ఒకేసారి వచ్చి నిలబడతాయి.

మా ఊరు సోమలకు దగ్గర. తొంభైల నడుమ మాట ఇది. వానకు చెనిక్కాయలు, బోరు నీళ్ళకు టమోటా, గట్ల మీద చింతచెట్లు, అంతే మా సేద్యం. టమోటా కాపు ముదిరినప్పుడు పెరట్లో గంపలు ఒకదాని మీద ఒకటి నిలిచేవి, తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టుకు పోయే లారీ వచ్చి హారను కొట్టేది, ఆ దినమంతా ఇల్లు పండు టమోటా పులుపు వాసన కొట్టేది. చెనిక్కాయలు పెరికే కాలంలో పచ్చికాయలు ఉడకేసి, వేడివేడిగా చాటలో పోసుకుని, అవ్వ చుట్టూ కూర్చుని తింటూ గచ్చకాయలు ఆడేవాళ్ళం. నేను ఆడేదాన్ని అనాలి. మా అక్క రెడ్డెమ్మ ఆటలో కూడా ఒకచోట కూర్చునేది కాదు. నూరుబండ మీద అమ్మ పచ్చడి నూరుతుంటే ఆ చప్పుడుకు కాలు కదిపేది. తాత తమలపాకులు దంచుకునే చిన్న రోటి చప్పుడుకు తల ఊపేది. గంగ జాతరలో పలకలు మోగడం మొదలైతే ఇక ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. పలకలవాళ్ళ ముందు, మొగవాళ్ళ మధ్య, జడ విడిపోయి ముఖం మీద పడుతుంటే కళ్ళు మూసుకుని ఎగిరేది. మా ఇంటి ఇలవేల్పు పేరు పెట్టుకున్న పిల్ల కాబట్టి అమ్మవారే పూనిందని అవ్వ దండం పెట్టేది. ఎవరూ పూనలేదని, ఆమెకు ఎగరడం ఇష్టమని నాకు తెలుసు.

అక్క పుంగనూరులో చదువుకునే బడి వార్షికోత్సవానికి ఒక ఏడాది కుప్పం నుంచి ఒకావిడ అతిథిగా వచ్చారు. కుప్పం దాటి కొంతదూరం పోతే రాతిగుట్టల కింద ఆమె ఒక నాట్యబడి నడిపేవారు. ఆడపిల్లలు అక్కడే ఉండి, పొద్దున సాయంత్రం నాట్యం నేర్చుకుంటూ, పగలు ఊళ్ళోని బడికి పోయి చదువుకునేవాళ్ళు. అందరూ ఆమెను టీచరమ్మ అనేవాళ్ళు. ఆ దినం అక్క వేసిన కోలాటం చూసి, మరుసటి వారమే ఆమె మా ఊరు వెతుక్కుంటూ బస్సు దిగారు. తెల్ల చీర, నుదుట పెద్ద కుంకుమబొట్టు, మడమల దాకా దుమ్ము. మా తిన్నె మీద కూర్చుని మజ్జిగ తాగి, "ఈ బాలను నాకొసంగుడు" అని అడిగారు.

మాకు నవ్వొచ్చింది. ఆమె పుట్టింది అరవదేశంలో. తెలుగు ఆమె మనుషుల దగ్గర కాదు, తాను ఆడే పాత పదాల్లోంచి నేర్చుకున్నారు. అందుకే ఆమె నోట్లో తెలుగు ఎప్పుడూ పాటలోంచి ఊడిపడ్డట్టే ఉండేది.

తాత నవ్వలేదు. "మన ఇండ్లల్లో ఆడబిడ్డలు గజ్జెలు కట్టేది యాడన్నా ఉండాదా? రేపు దీన్ని సేసుకునేవాడు ఎవుడు?" అన్నాడు. నాయన నేల చూస్తూ కూర్చున్నాడు.

తలుపు వెనక నిలబడి ఉన్న అమ్మ, మామ ఎదట ఎన్నడూ గొంతెత్తని మా అమ్మ, అక్కడి నుంచే అంది: "జాతరలో అంతమంది ముందర ఎగిరితే యాల అని ఎవురూ అడగలేదు కదా మామా. ఈయమ్మ ఆడ తిన్నగా నేర్పిస్తానంటాండాది. పోనీండి బిడ్డని."

అప్పుడు అక్కకు పదేళ్ళు, నాకు ఆరు. ఆమె ట్రంకుపెట్టె మోసుకుని నాయన ముందు నడుస్తుంటే, వెనక అక్క గంతులేస్తూ పోయింది. అమ్మ కోసం, నా కోసం, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని అమ్మ చెప్పుకుని ఏడ్చింది అదొక్కటే.

నెలకు ఒక ఆదివారం కన్నవాళ్ళు వచ్చి పిల్లల్ని చూసిపోవచ్చు. ఆ ఆదివారం కోసం మా ఇంట్లో నెలంతా ఏదో ఒకటి కూడబెట్టడమే. కాలాన్ని బట్టి క్యారియరు వాసన మారేది. ఉగాది తర్వాత ఓళిగలు, వాటి నెయ్యి కాగితంలోంచి కారి సంచికి మరకలు. మామిడికాయల కాలంలో ఊరగాయ జాడీ. వినాయకచవితికి కుడుములు. చలికాలంలో పితికిపప్పు, రాగిసంగటి ముద్దలు అరటాకులో చుట్టి. తొలి బస్సుకు పుంగనూరు పోయి, అక్కడ బస్సు మారి, పలమనేరు దాటి, బైరెడ్డిపల్లె దగ్గర మల్బరీ తోటల మీద మంచు విడుతుంటే చూస్తూ, కుప్పంలో దిగేసరికి ఎండెక్కేది. కుప్పం బస్టాండులో మాటలు మూడు భాషల్లో వినపడేవి. ఏ భాషలో అడిగినా చేతిని ఒకేవైపు చూపి దారి చెప్పేవాళ్ళు: "ఆటలబడికా? అట్లే పోండమ్మా, గుట్టకింద."

గుట్ట మలుపు తిరగగానే ముందు చప్పుడు వచ్చేది. పెంకుల కప్పు కింద నున్నటి ఎర్ర గచ్చు, దాని మీద వరసలుగా పిల్లలు, మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడి, అందరి అడుగులూ ఒక్కసారే నేలను తాకే చప్పుడు. టీచరమ్మ కింద కూర్చుని చెక్కదిమ్మ మీద కర్రతో తాళం వేస్తూ, "తైయ్య తై, తైయ్య తై" అనేవారు. కొబ్బరినూనె, చెమట, తడిసిన గచ్చు, వంటింట్లో మరిగే సాంబారు, ఇవన్నీ కలిసిన గాలి. గోడకు వరసగా కొట్టిన మేకులకు గజ్జెలు వేలాడుతుండేవి. ఎవరివి వాళ్ళకు తెలిసేట్టు ఒక్కొక్క జతకు ఒక్కో రంగు దారం. అక్కది పసుప్పచ్చ.

మమ్మల్ని చూడగానే టీచరమ్మ కర్ర పక్కన పెట్టి, "ఏలనమ్మా నేడింత జాగు? క్షేమమా? భుజించితిరా?" అని అడిగేవారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు మింగుతూ, "తినే వచ్చినామమ్మా" అనేది. మా వెనక వచ్చిన సెల్వి వాళ్ళమ్మకు తెలుగు రాదు, మా అమ్మకు అరవం రాదు. అయినా చాపల మీద పక్కపక్కనే కూర్చుని, క్యారియర్లు విప్పి, ఒకరి కూర ఒకరి పిల్లకు వడ్డించేవాళ్ళు. సెల్వి మా అక్కకు ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ ఒకే ఆకులో తినేవాళ్ళు.

తినడం అయినాక అమ్మ అక్కను స్తంభానికి ఆనించి కూర్చోబెట్టుకుని, రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుని ఆముదం రాసేది. మొదటి నెలల్లో బొబ్బలు. తర్వాత ఎర్రటి చారలు. ఏడాది తిరిగేసరికి అరికాళ్ళు మా నాయన చేతుల్లాగా గట్టిపడ్డాయి. అమ్మ వాటిని బొటనవేలితో నొక్కి చూసి మళ్ళీ ఆముదం రాసేది. అక్క మాత్రం ఆగకుండా చెప్పేది, తాను నేర్చుకున్నవి, సెల్వి పడిపోయినది, వంటామె తిట్టినది. ఆమె మాట మారుతూ వచ్చింది. నడక మారింది. నీళ్ళ చెంబు అందించినా వేళ్ళు ఒక వరసలో నిలబడేవి. నాకు అసూయగా ఉండేది, ఆ అసూయ నాకు ఇష్టంగానూ ఉండేది. సాయంత్రం బస్సులో నేను అక్కలాగా వేళ్ళు పట్టి చూసుకుంటుంటే అమ్మ చూసి, "నీకొద్దు తల్లీ, ఒక్కదాన్ని ఇచ్చింది సాలు" అనేది.

అక్కకు పద్నాలుగేళ్ళప్పుడు, ఒక చలికాలంలో, గొంతునొప్పితో మంచి జ్వరం వచ్చి తగ్గిందట. ఆ నెల మేము పోయేసరికి మోకాలు వాచి ఉంది. మరుసటి నెలకు మోకాలు మామూలుగా ఉండి చీలమండ వాచింది. ఆ తర్వాత మణికట్టు. ఆటవల్లే అనుకున్నారు అందరూ. టీచరమ్మ తైలం కాచి పట్టించారు. అవ్వ విబూది పంపించింది. నొప్పులు వాటంతటవే తగ్గిపోయాయి, అందరం మరిచిపోయాం. మరిచిపోనిది అక్క ఒంట్లోని ఆ జబ్బు ఒక్కటే.

మరుసటి ఏడాది ఆమెకు పెద్ద నాట్యం నేర్పడం మొదలుపెట్టారు. ఒక అమ్మాయి తన దేవుడి కోసం కాచుకుని, అలిగి, బతిమాలి, చివరకు కరిగిపోయే కథ. ఒక్కతే చాలాసేపు ఆడాలి. ఒక ఆదివారం మేము చూస్తుండగానే, గట్టి అడుగుల వరస మధ్యలో అక్క నిలిచిపోయింది. చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి, పెదవుల చుట్టూ నీలంగా ఉంది. టీచరమ్మ కర్ర ఆగిపోయింది. పరుగెత్తి పోయి అక్క వీపు మీద చెవి ఆనించి విన్నారు. నాట్యం నేర్పే మనిషి కదా, లయ తప్పిన గుండె ఆమెకు వినపడి ఉంటుంది.

మదనపల్లెలో డాక్టరు చాలాసేపు చూశాడు. గొంతునొప్పితో వచ్చిన ఆ జ్వరమే గుండె లోపలి కవాటాన్ని చెడగొట్టిందని, ఆటవల్ల రాలేదని, అయితే ఇక ఆటే వద్దని చెప్పాడు. మూడు వారాలకోసారి సూది వేయించుకోవాలి, మెట్లు ఎక్కకూడదు, బరువులెత్తకూడదు. అక్క అన్నీ విని, "నిదానంగా ఆడితే?" అని అడిగింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "రవంతసేపు ఆడితే?" అని మళ్ళీ అడిగింది. నాయన లేచి బయటకు పోయి ఆస్పత్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్కను ఇంటికి తెచ్చేశారు. ఆ ఏడాది మా ఇంట్లో అందరూ నిదానంగా నడిచారు. పచ్చడి నూరాలంటే అమ్మ దొడ్లోకి పోయేది. తాత తన చిన్న రోలు పక్కన పెట్టేసి ఆకులు చేత్తోనే నలుపుకున్నాడు. గజ్జెలు కట్టేది యాడన్నా ఉండాదా అన్న ఆ తాతే, ఒక మధ్యాహ్నం అక్క పక్కన కూర్చుని, "ఏమే, ఒకతూరి ఆ కండ్లతో సేసేదన్నా సేసి సూపీమే" అని అడిగాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. జాతర వచ్చింది. పలకలు మా వీధిలోకి రాకముందే నాయన ఎదురుపోయి వాళ్ళతో ఏదో చెప్పాడు. ఆ ఏడాది పలకలు మా వీధి దాటేదాకా మోగలేదు. తిన్నె మీద కూర్చున్న అక్క, చప్పుడు లేకుండా నడిచిపోతున్న ఆ మనుషుల్ని చూసి, లోపలికి వచ్చి మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

నాట్యబడిలో ఏటేటా చేసే పండగకు రమ్మని టీచరమ్మ మనిషిని పంపించారు. అమ్మ వద్దంది. అక్క అప్పటికే జడ వేసుకుని కూర్చుంది. ముగ్గురం పోయాం. ఎర్ర గచ్చుకు మామిడాకు తోరణాలు కట్టి ఉన్నాయి, చుట్టుపక్కల ఊళ్ళ జనం నేల మీద కూర్చున్నారు. అక్క నేర్చుకుంటూ ఆపేసిన ఆ పెద్ద నాట్యాన్ని సెల్వి ఆడబోతోందని అక్కడికి పోయాకే తెలిసింది. అమ్మ అక్క చెయ్యి పట్టుకుంది. సెల్వి వచ్చి నేలకు మొక్కి నిలబడింది, మా వైపు చూడలేక తల దించుకుంది.

అప్పుడు టీచరమ్మ తాను కూర్చున్న చోటి నుంచి లేచారు. చేతిలోని ఇత్తడి తాళాలు పట్టుకుని జనం మధ్యలో నడిచి వచ్చి అక్క ముందు నిలబడ్డారు.

"రెడ్డెమ్మా, నీ పాదములకే కదా సెలవు. నీ నోటికెవ్వరిచ్చిరి?"

అక్క అమ్మ చెయ్యి వదిలించుకుని లేచింది. టీచరమ్మ చోట్లో కూర్చుంది. తాళాలు ఒకసారి తాకించి, మొదటి జతి మొదలుపెట్టింది, "తకదిమి తకఝణు" అంటూ. ఆ గొంతు మా అక్కదని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. సెల్వి పాదాలు ఆ గొంతుకు కట్టేసినట్టు కదిలాయి. ఒక్కొక్క జతి అయిపోగానే అక్కకు ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. అంతసేపూ సెల్వి ఆఖరి భంగిమలో కదలకుండా, చెమట కారిపోతుంటే, తొడలు వణుకుతుంటే, నిలబడి కాచుకునేది. అక్క ఊపిరి నిండాకే మళ్ళీ అడుగు పడేది. జనం అది నాట్యంలో భాగమే అనుకున్నారు. అమ్మాయి దేవుడి కోసం కాచుకునే కథే కదా అది. అమ్మ మాత్రం నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది.

ఆ రాత్రికి అక్క మాతో ఇంటికి రాలేదు. "ఈడే ఉంటానమ్మా. కూర్చునే నేర్పిస్తా" అంది. టీచరమ్మ, సూదులు వేయించే పూచీ నాది అన్నారు. అట్లా మా ఆదివారాలు మాకు తిరిగి దొరికాయి.

తర్వాతి కొన్నేళ్ళు మంచివి. అక్క కొత్తగా చేరిన చిన్నపిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని, ముఖంతో, చేతులతో చెప్పేవన్నీ నేర్పించేది. కోపం ఎట్లా వస్తుంది, వచ్చింది ఎట్లా పోతుంది, పూలు కోసే వేళ్ళెట్లా ఉంటాయి, ముల్లు గుచ్చుకుంటే ఎట్లా ఉంటాయి. ఆ పిల్లలు ఆమెను "కూసున్నక్క" అనేవాళ్ళు. అమ్మ క్యారియరు పెద్దదైంది. కూసున్నక్క వాళ్ళమ్మ వచ్చిందంటే పిల్లలందరూ చుట్టూ మూగేవాళ్ళు. పాదాలకు ఆముదం రాయడం అక్క ఒక్కదానితో ఆగేది కాదు. వరసగా చిన్న చిన్న పాదాలు అమ్మ ఒళ్ళోకి వచ్చేవి.

అక్కకు ఇరవై నిండే ఏడు, ఒళ్ళు నీరుపట్టడం మొదలైంది. మద్రాసులో ఆపరేషను చేస్తే బాగవుతుందన్నారు. నాయన తీసుకుపోయాడు. మద్రాసుకు బయలుదేరే ముందు దినం ఆదివారం కాకపోయినా మేమందరం కుప్పం పోయాం. అక్క ఎర్ర గచ్చు మీద కూర్చుని, చిన్నపిల్లలతో నవ్వులాట ఆడుతూ ఉంది. నన్ను దగ్గరకు పిలిచి, "ఏమ్మే, నేను వచ్చేదాకా వీళ్ళకు కొంటె చూపు మాత్రం నేర్పియ్యొద్దని టీచరమ్మకు చెప్పు. అది నేనే నేర్పించాల" అంది. ఆపరేషను అయ్యాక మూడో దినం పొద్దున ఆమె పోయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారని నాయన చెప్పాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

మా ఇంటికి టీచరమ్మ వచ్చారు. అదే తిన్నె మీద కూర్చున్నారు. అమ్మ చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయారు. ఆ పాత పాటల తెలుగులో ఆమెకు మాట దొరకలేదు. చివరికి అరవంలోనే చెప్పుకుంటూ పోయారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మ అన్నిటికీ తల ఊపింది.

ఆ తర్వాతి నెల, ఆ ఆదివారం తెల్లవారేసరికి వంటింట్లో చప్పుడు విని లేచాను. అమ్మ సంగటి కెలుకుతూ ఉంది. పక్కన క్యారియరు గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"యాడికమ్మా?" అన్నాను.

"యాడికేంది, కుప్పానికి. పిల్లోల్లు సూస్తాంటారు కదా."

నాయన వద్దనలేదు. బస్టాండు దాకా సంచి మోసుకుని వచ్చి బస్సెక్కించాడు. ఆ పొద్దు చిన్నపిల్లలు అమ్మను చూసి మొదట బెదిరి దూరంగా నిలబడ్డారు. ఒక పాప మాత్రం వచ్చి, ఎదురుగా కూర్చుని పాదాలు చాపింది. అమ్మ ఆముదం సీసా మూత తీసింది. అట్లా నెలనెలా పోయింది అమ్మ, కొన్నిసార్లు నాతో, నేను కాలేజీలో చేరినాక ఒక్కతే. టీచరమ్మకు వయసు మీదపడి, చూపు మందగించి, ఆమెను తమ్ముడు వచ్చి తీసుకుపోయేదాకా, పిల్లలు ఒక్కొక్కరే ఇండ్లకు పోయి బడి మూతపడేదాకా, పన్నెండేళ్ళు పోతూనే ఉంది.

పోయిన ఏడు ఒక పెళ్ళికని కుప్పం వచ్చి, నేనూ అమ్మా ఆటోలో గుట్ట వైపు పోయాం. ఆటోడ్రైవరు కుర్రవాడికి ఆటలబడి అంటే తెలియలేదు. గుట్టలో సగం లేదు. బడి ఉన్నచోట గ్రానైటు కోసే షెడ్డు ఉంది. నీళ్ళతో రాయిని కోసే రంపం మోత తప్ప ఏమీ వినపడదు. పెంకుల కప్పు లేదు, మేకుల గోడ లేదు, వంటిల్లు లేదు. మెరిసే పలకల రాళ్ళు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన చోట, కింద, రాతిపొడి బురద మధ్యలో, చాపంత మేర ఎర్ర గచ్చు మిగిలి ఉంది. సెల్వి ఇప్పుడు ఎక్కడుందో, ఆ చిన్నపిల్లలు ఎవరెవరి ఇండ్లల్లో ఉన్నారో నాకు తెలియదు. ఆ జతులు చెప్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇప్పుడెవరూ లేరు.

కాపలా మనిషి వచ్చి, "ఎవురు కావాల్నమ్మా?" అని అడిగాడు.

"ఎవురూ లేదప్పా. మా పాప ఈడ ఉండింది. సూసేదానికి వస్తాంటిమి" అంది అమ్మ.

అతను ఎప్పుడు అని అడగలేదు. ఒక పాత స్టూలు తెచ్చి వేశాడు. అమ్మ కూర్చోలేదు. చాలాసేపు ఆ ఎర్ర ముక్కనే చూస్తూ నిలబడి, నా భుజం పట్టుకుని వెనక్కి తిరిగింది. రోడ్డెక్కినాక, రంపం మోత కొంచెం తగ్గినాక అంది:

"అది ఉన్నబ్బుడు వచ్చిన దానికంటే, అది పోయినాక ఈడికి ఎక్కువ యేండ్లు వచ్చినాను కదమ్మా."

ఆటో దొరికేదాకా ఇద్దరం ఆ రోడ్డంబడి నడుస్తూనే ఉన్నాం.